బయట వాయిద్యం

మా తాత ఏసుదాసు ఐర్లండ్‌లోని కాజిల్‌బార్ అనే ఊళ్ళో ఒక ఐరిష్ జానపద బృందంలో సభ్యుడు. ఆ బృందంలో ఉన్నది ముగ్గురే. వాళ్ళలో ఐరిష్ సంగీతం గురించి ఏమీ తెలియనివాడు ఆయన ఒక్కడే అని మా అమ్మ లలితకుమారి అంటుంది. నేనూ అలాగే అనేదాన్ని. మిగతా ఇద్దరి సంగతీ తెలిశాక మానేశాను.

బృందం పేరు డ్రై స్పెల్. వరసగా నాలుగు రోజులు వాన పడకపోతే దాన్ని ఇక్కడ అలా అంటారు. మేయో జిల్లాలో అలాంటిది ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు ఇంకెవరూ వాడకుండా దొరికింది. అకార్డియన్ వాయించే నోరీన్ చాలా ఏళ్ళు సైకిల్ మీద, ఆ తర్వాత వ్యాన్‌లో ఉత్తరాలు పంచి రిటైరైంది. ఫిడేలు వాయించే ఆయన పేరు పోరిక్. ఆ పేరు రాసేటప్పుడు బారెడు అక్షరాలు రాసి, పలికేటప్పుడు సగం మింగేస్తారు. తాతకు ఇది బాగా నచ్చింది. "మన ఎమ్మార్వో ఆఫీసోళ్ళు నయం కదే. రాసింది చదవకపోయినా మింగెయ్యరు" అన్నాడు.

నేను ఆదివారాలు మొరాన్ పబ్‌లో కౌంటర్ వెనక పని చేస్తాను. కాలేజీకీ నాకూ మొదటి సంవత్సరమే పడలేదు. తెలుగు చదువు అంతకన్నా చాలా ముందే, చీరాలలో రెండో తరగతితో ఆగింది. మిగతాది తాత నేర్పిందే, కాబట్టి ఇందులో తప్పులుంటే ఆయన్ని అడగండి.

మూడేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి తాత ఆదివారం చర్చి కాగానే నాతో పబ్‌కు వచ్చి, నా డ్యూటీ అయ్యేదాకా నిప్పుగూడు పక్కన టీ తాగుతూ కూర్చునేవాడు. ఆయన చర్చి పెద్ద. బీరు వాసన కూడా సరిగ్గా ఎరగడు. అమ్మకు మాత్రం అది కేఫ్ అని చెప్పాం. టీ ఇస్తారు కాబట్టి అది అబద్ధం కిందికి రాదని తాతే తీర్పు చెప్పాడు.

మూడింటికి డ్రై స్పెల్ వాళ్ళు ఆ నిప్పుగూటి పక్కనే కూర్చుని వాయించేవారు. అప్పటికి ఇద్దరే మిగిలారు. మూడో మనిషి పెర్త్‌లో పని దొరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. గోడకు మాత్రం ఒక పాత బౌరాన్ వేలాడుతూ ఉండేది. బౌరాన్ అంటే జల్లెడంత చెక్క చట్రానికి ఒకవైపు మేకతోలు బిగించిన వాయిద్యం. ఇప్పటి వాటికి తోలు బిగించుకోవడానికి మరలుంటాయి. దీనికి లేవు. ఇది నోరీన్ వాళ్ళ నాన్నది.

తాత నాలుగు ఆదివారాలు దాన్ని చూశాడు. ఐదో ఆదివారం లేచి, చొక్కా సర్దుకుని, నోరీన్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, మే ఐ?" అని గోడవైపు చెయ్యి చూపించాడు.

నోరీన్ నవ్వి, "ఆహ్, యూ ఆర్ గ్రాండ్" అంది.

ఈ గ్రాండ్ సంగతి చెప్పాలి. ఐర్లండ్‌లో ఎవరైనా టీ పోయనా అని అడిగితే "ఐయామ్ గ్రాండ్" అంటారు. వద్దని అర్థం. సాయం చెయ్యనా అని అడిగితే "యూ ఆర్ గ్రాండ్" అంటారు. అక్కర్లేదు, నీ చోట నువ్వుండు అని అర్థం. ఎదుటివాళ్ళకు నొప్పి తెలియకుండా కాదనడానికి ఈ దేశంలో ఈ మాట ఉంది. చీరాలలో ఉన్న గ్రాండ్ వేరు. అది పెళ్ళి గ్రాండ్‌గా చేశారనే గ్రాండ్.

తాత రెండు చేతులూ జోడించి "థాంక్యూ మేడమ్" అన్నాడు. వెళ్ళి బౌరాన్‌ను మేకు మీంచి దించాడు.

నేను వెళ్ళి ఆపాల్సింది. గ్లాసులు తుడుస్తూ చూస్తూ ఉండిపోయాను. ఆదివారాలు అక్కడ చూడ్డానికి ఇంకేమీ ఉండదు.

తాత తోలును వేలితో ఒకసారి కొట్టాడు. తడి గోనెసంచి మీద కొట్టినట్టు వినిపించింది. తల అడ్డంగా ఊపి, తిన్నగా నిప్పుగూటి దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, తోలును మంటకు చూపిస్తూ నెమ్మదిగా తిప్పసాగాడు.

పోరిక్ ఎగిరి లేచాడు. "నోరీన్, మీ నాన్న బౌరాన్ తగలబెడుతున్నాడు!"

"కూర్చో పోరిక్" అంది నోరీన్. "మా నాన్న కూడా అలాగే కాచేవాడు. అలా తిప్పడం చూసి నలభై ఏళ్ళయింది."

బౌరాన్‌ను ఒడిలో పెట్టుకుని, ఒకే పుల్లను కలం పట్టుకున్నట్టు పట్టుకుని వాయిస్తారు. తాతకు అది నచ్చలేదు. మఫ్లర్‌ను చట్రానికి కట్టి ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. పుల్ల కుడిచేతిలోకి తీసుకున్నాడు. ఎడమచేతికి ఏమీ లేక అటూ ఇటూ చూసి, కౌంటర్ దగ్గరికి వచ్చి నా చెవి మీదున్న పెన్సిల్ లాక్కున్నాడు. కూర్చోలేదు, నిలబడ్డాడు. "ఊఁ, కానీండి" అన్నాడు తెలుగులో.

వాళ్ళు కానిచ్చారు. ఆ పాట ముగిసేసరికి బార్ దగ్గరున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాకు తెలిసి వాళ్ళు అలా తిరగడం అది రెండోసారి. మొదటిసారి పొగగొట్టం అంటుకున్నప్పుడు తిరిగారు.

"ఇది యాడ నేర్చుకున్నావు తాతా?" అని దారిలో అడిగాను.

"నేర్చుకునేదేముందే? చీరాల బస్టాండులో అన్నీ వినపడతయ్."

ఆ తర్వాతి ఆదివారం తాత అడగలేదు. నేరుగా వెళ్ళి దించుకున్నాడు. గ్రాండ్ అన్నారు కదా. నెల తిరిగేసరికి నోరీన్ వచ్చే నెల కార్యక్రమాల కాగితం ఆయన చేతిలో పెట్టింది. అలా మా తాత వద్దన్న చోట మెంబరయ్యాడు.

చీరాల బస్టాండులో ఆయన కంట్రోలర్‌గా చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో చెప్పాడు. ఇప్పటికీ అన్నానికి పిలిస్తే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ వచ్చినట్టే ఉంటుంది. ఆయనకున్న గర్వం ఒక్కటే. ఏ బస్సుకూ తప్పు ఊరు చెప్పి వదిలెయ్యలేదు. ఒకసారి పర్చూరు బస్సును పొన్నూరు అన్నాడట. బస్సు కదిలేలోపు మైకులో "చిన్న సవరణ" అని దిద్దుకుని, ఎక్కినవాళ్ళను దించడానికి తనే పరిగెత్తాడట. "తప్పు చెప్తే మనకేం కాదే. ఎక్కినోడు పొన్నూరనుకుని పర్చూరులో దిగతాడు" అంటాడు. ఈ కథ మాకు నెలకొకసారి ఉంటుంది.

ఆ బస్టాండు వల్లే పోరిక్ ఆయనతో ఒక రహస్యం చెప్పాడు. మేయో కొండల ఫిడేలు అని అందరూ మెచ్చుకునే పోరిక్ బాణీ నిజానికి ఇంగ్లండులో కోవెంట్రీ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న అక్కడ కట్టడాల్లో పనిచేసేవాడు. పక్కింట్లో ఉన్న సిటీ బస్సు డ్రైవరు పోరిక్‌కు ఫిడేలు నేర్పాడు. "బస్సు డ్రైవరా! అందుకే ఎక్కడా ఆగడు" అన్నాడు తాత.

అలా దాదాపు మూడేళ్ళు గడిచాయి. ఈ ఫిబ్రవరిలో పారిష్ హాల్లో డ్రై స్పెల్ కచేరీ పెట్టారు. దానికి నోరీన్ ఒక కరపత్రం వేయిస్తానంది. ఒక్కొక్కరి ఫొటో కింద మూడు వాక్యాలు ఉండాలి. సంగీతం మీకు ఎవరి నుంచి వచ్చింది, మీ మూలాలు ఎక్కడున్నాయి. శుక్రవారానికి ప్రింటుకు వెళ్ళాలి.

నోరీన్ తనది ఐదు తరాల సంగీత కుటుంబమని రాసింది. వాళ్ళ అమ్మ మోత భరించలేక నాన్నను గొడ్లచావిడిలోకి తరిమేదని రాయలేదు. పోరిక్ కొండల గురించి రాశాడు, కోవెంట్రీ రాయలేదు. తాత తొమ్మిది రోజులు తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. ఒక్క గుక్కలో పద్నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పగలిగే మనిషికి మూడు వాక్యాలు రాలేదు.

బుధవారం గోపాలరావు అంకుల్ వచ్చాడు. ఆయన ఆఫీసు డబ్లిన్ దగ్గర క్లోనీలో, పని చేసేది ఇక్కడ ఇంట్లోంచే. కాజిల్‌బార్‌లో ఉన్న పదకొండు తెలుగు కుటుంబాలకు ఒక సంఘం ఉంది. దాని అధ్యక్షుడూ కార్యదర్శీ ఆయనే. విషయం వినగానే లాప్‌టాప్ తెరిచాడు.

"మనవాళ్ళ పేరు నిలబడాలండీ. మీ గురువుగారెవరు?"

"గురువంటే... మా నాయనేనండి" అన్నాడు తాత.

"బ్రహ్మాండం. వంశపారంపర్యం. ఆయనది మృదంగమా?"

"కాదండి. ఆయనది బయట వాయిద్యం."

"బయటంటే? నాదస్వరం, డోలు?"

"వాటికి కొంచెం ముందు నడుస్తదండి."

గోపాలరావు అంకుల్ ముందు నడిచేదాన్ని గొప్పదని రాసుకున్నాడు. "సరే, లయ అని రాస్తే అన్నీ వస్తాయి" అని ఇంగ్లీషులో టైపు చేసి, తెలుగులో చదివి వినిపించాడు. "శ్రీ ఏసుదాసు దక్షిణ భారత శాస్త్రీయ సంగీత పరంపరకు చెందిన లయ విద్వాంసులు." ఇంకో రెండు వాక్యాల్లో రాజాస్థానాలు కూడా వచ్చాయి.

"విద్వాంసులా!" అన్నాడు తాత. అద్దంలో కొత్త చొక్కా చూసుకున్నట్టు ఆ మాట ఇంకోసారి అనుకున్నాడు. "బాగుందండి."

గురువారం అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న డబ్లిన్ దగ్గర బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రైలుకు వస్తాడు, ఆ వారం రానన్నాడు. వంటింట్లో నేనూ తాతే. గోపాలరావు అంకుల్ పంపింది నోరీన్‌కు పంపబోతుంటే తాత ఆపాడు.

"పిల్లా, ఇంకోటి రాయి. ఎట్టా ఉంటదో చూద్దాం."

ఆయన చెప్పాడు, నేను ఫోన్‌లో కొట్టాను. ముత్తాత పేరు కోటయ్య. ఊరు చీరాల పక్కన కొత్తపాలెం. ఆయన డప్పు కొట్టి ఊరికి చాటింపు వేసేవాడు. సంత ఎప్పుడో, పశువుల డాక్టరు ఎప్పుడొస్తాడో, ఎవరి గేదె తప్పిపోయిందో అన్నీ ఆయన గొంతులోంచే ఊరికి తెలిసేవి. తోలు కాచడానికి తాటాకులు మోసింది తాత.

"మరి కొట్టడం?"

"చూసి వచ్చింది. చేతికి పుల్లలియ్యలేదే ఆయన. ఇది నాతో సరి, నువ్వు చదువుకో అన్నాడు. హాస్టల్లో నాయన ఏం చేస్తాడంటే వ్యవసాయం అని రాశా. ఆర్టీసీలో కూడా అదే రాశా. మీ అమ్మమ్మోళ్ళకీ అదే చెప్పా."

ఆ విధంగా మా ముత్తాత అరవై ఏళ్ళు సెంటు భూమి లేకుండా వ్యవసాయం చేశాడు. నేను నవ్వాను. తాతా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

అప్పుడే అమ్మ వచ్చింది. కోటు విప్పకుండానే నా ఫోన్ తీసుకుని చదివింది.

"ఇదెవరు రాయమన్నారు?"

"తాతే."

"నాన్నా, నేను కూడా నర్సింగు కాలేజీలో వ్యవసాయమనే రాశాను, నువ్వు చెప్పావని. ఇప్పుడు ఇది పంచిపెడతావా? హాల్లో ఇక్కడోళ్ళకి దీని సంగతి తెలవదు. మనోళ్ళకి తెలుసు. సోమవారం నుంచి నన్ను ఎట్టా చూస్తారో నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదమ్మా. తెలుసు."

"మరి?"

తాత నావైపు తిరిగాడు. "గోపాలరావు గారిదే పంపెయ్ పిల్లా. ఇంగ్లీషు కూడా బాగుంది."

పంపేశాను. ఎప్పుడూ తాత మాటకు ఎదురు చెప్పేదాన్ని ఆ ఒక్కసారే బుద్ధిగా విన్నాను.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. పదకొండు కుటుంబాలూ వచ్చాయి. గోపాలరావు అంకుల్ ముందు వరసలో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. అమ్మ రెండో వరసలో పట్టుచీరలో కూర్చుంది. నోరీన్‌కు జలుబు చేసి గొంతు పోయింది. అందుకని పరిచయాలు చదివే పని తాతకిచ్చింది. మైకు చూడగానే ఆయన నడుము నిటారైంది.

నోరీన్ గురించి చదివాడు. ఐదు తరాలూ మంచి గొంతులో వినిపించాయి. పోరిక్ గురించి చదివాడు. కొండలు నిజంగానే ఉన్నట్టున్నాయి. తర్వాత తన దగ్గరికి వచ్చాడు. "శ్రీ ఏసుదాసు దక్షిణ భారత శాస్త్రీయ" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాడు.

కాగితం చూశాడు. మైకు చూశాడు. పొన్నూరనుకుని ఎక్కినవాళ్ళంతా ఎదురుగా కూర్చుని ఉన్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ప్యాసెంజర్స్, యువర్ కైండ్ అటెన్షన్ ప్లీజ్. వన్ కరెక్షన్."

హాలంతా నవ్వింది. వాళ్ళు నవ్వడం ఆపేదాకా ఆగి, తన బస్టాండు ఇంగ్లీషులో చెప్పాడు.

"ఈ కాగితంలో ఉన్న విద్వాంసుడు ఎవరో నాకు తెలియదు. మా నాన్న పేరు కోటయ్య. ఆయన వాయిద్యం డప్పు. మా ఇళ్ళు ఊరి బయట ఉండేవి, ఊళ్ళో ఉండనిచ్చేవాళ్ళు కాదు. కానీ ఊరికి ఏ కబురు తెలియాలన్నా మా నాన్న డప్పు మోగాల్సిందే. పెళ్ళికి అందరికన్నా ముందు నడిచేవాడు, భోజనానికి అందరి తర్వాత కూర్చునేవాడు. నాకు సంగీతం ఆయన నుంచి వచ్చింది. మైకు కూడా ఆయన నుంచే వచ్చింది. ఇది నేను ఎక్కడా చెప్పలేదు. ఇన్‌కన్వీనియన్స్ రిగ్రెటెడ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గోపాలరావు అంకుల్ ఫోన్ 'ఊరి బయట' అన్న మాట దగ్గరే కిందికి దిగింది. తాత బౌరాన్ భుజానికి తగిలించుకుని ఒక దెబ్బ వేశాడు. తడి గోనెసంచి. బయట వాన, లోపల అంతమంది ఊపిరి. హాల్లో నిప్పుగూడు లేదు. తాత చుట్టూ చూశాడు.

అమ్మ లేచింది. వెళ్ళిపోతోందనుకున్నాను. వేదిక పక్కనున్న కరెంటు హీటర్‌ను లాక్కొచ్చి స్విచ్ వేసింది. తాత చేతిలోంచి బౌరాన్ తీసుకుంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒడిసి పట్టుకుని, గొంతుక్కూర్చుని, తోలును వేడికి చూపిస్తూ తిప్పింది. అంచుల దగ్గర ఆపుతూ, మధ్యలో ఆపకుండా. వేలితో కొట్టి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ తిప్పింది. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్ళ తాత దగ్గర ఎన్నిసార్లు చూసిందో ఎప్పుడూ చెప్పలేదు.

"తాటాకు మంటైతే ఈపాటికి అయ్యేది" అని తాతకు అందించింది.

ఇంతలో పోరిక్ మైకు దగ్గరికి వచ్చాడు. "నాకూ ఒక కరెక్షన్ ఉంది. కోవెంట్రీ" అన్నాడు.

"దేవుడా, ఇక ఎవరూ మైకు ముట్టుకోకండి" అంది నోరీన్, లేని గొంతుతో. కచేరీ మొదలైంది.

దాని గురించి నేను ఎక్కువ చెప్పను. బాగా వాయించారు. ఒక పాటలో తాత మిగతా ఇద్దరికన్నా ముందే ఊరు చేరాడు. అయిపోయాక గోపాలరావు అంకుల్ వచ్చి, "అయితే మృదంగం కాదన్నమాట" అన్నాడు.

"కాదండి. బయట వాయిద్యమని ముందే చెప్పా కదండి" అన్నాడు తాత.

అంకుల్ మా ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు అమ్మ కనిపిస్తే వాతావరణం గురించి మాత్రమే మాట్లాడుతున్నారు. వాతావరణం గురించి మాట్లాడటానికి ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. సంఘంలోనే ఉన్న శ్రావ్య ఆంటీ మాత్రం ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "మా తాత కూడా అక్కా" అని అమ్మకు చెప్పింది. అరగంట మాట్లాడుకున్నారు. ఆ అరగంటా అమ్మ గొంతు కూడా తగ్గే ఉంది.

ఆ శనివారం కారు నడుపుకుంటూ ఇంటికి వస్తూ, అన్నీ దిద్దుకునే రోజు కదా అని నేను కూడా నా వంతు దిద్దుదామనుకున్నాను.

"తాతా, నీకొకటి చెప్పాలి. మొదటి రోజు నోరీన్ యూ ఆర్ గ్రాండ్ అంది చూడు. అంటే నువ్వు గొప్పోడివని కాదు. వద్దని."

"తెలుసే" అన్నాడు తాత.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆమె అన్నప్పుడే. ముప్పై ఒక్క ఏళ్ళు మైకు ముందు కూర్చున్నా. గొంతు వింటే వద్దంటన్నారో రమ్మంటన్నారో తెలవదా?"

"తెలిసే వెళ్ళి దించుకున్నావా?"

తాత కిటికీలోంచి వానను చూశాడు. "నన్ను వద్దన్నోళ్ళు చానామంది ఉన్నారు పిల్లా. నవ్వుతా, మేడమ్ లాగా అన్నోళ్ళు ఎవరూ లేరు. అందుకే గ్రాండనే ఇనుకున్నా."

వెనక సీట్లో అమ్మ ఒడిలో బౌరాన్ ఉంది. తడి తగలకుండా పట్టుచీర కొంగు కప్పి పట్టుకుంది.

"హీటర్ పెంచవే ధరణీ" అంది. "మళ్ళీ మెత్తబడతంది."